ఎబో కుడికాలు, మారి నోరు

పీలమేడులో అవినాశి రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయనకు తెలిస్తే పక్కన కూర్చుని తనే చెప్పి, నా చేత రాయించి, బాగున్నచోట్ల రెండుసార్లు చదివించుకునేవాడు. అదృష్టం కొద్దీ ఇది ఆయన చదవలేడు. మా కోయంబత్తూరులో తెలుగు మాట్లాడేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు, చదవగలిగినవాళ్లు వార్డుకి ఒకరుంటే గొప్ప. మా నాన్న కల్యాణసుందరం నాయుడు బెత్తం పట్టుకుని నాకు అక్షరాలు దిద్దించాడు కాబట్టి మా వార్డులో ఆ ఒక్కణ్ని నేనే. ఆ ధైర్యంతోనే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నా పేరు నందకుమార్. కాలేజీల ఎదుట బస్‌స్టాప్ పక్కన నాకో జెరాక్స్ షాపుంది. దాని మెట్ల పక్కనే మారి గొడుగు, చెక్కపెట్టె, మూడు కాళ్ల ఇనప దిమ్మె. ఇరవై రెండేళ్లుగా ఇరుగూ పొరుగూ. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే. మావాళ్లు నాలుగొందల యేళ్ల కిందట పొలాలు వెతుక్కుంటూ వచ్చారనీ, మారివాళ్లు మా బావుల్లో నీళ్లు తోడే తోలు తిత్తులు కుట్టడానికి వెంట వచ్చారనీ మా అవ్వ చెప్పేది. చెప్పేదే గానీ, వాళ్లను గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. ఇప్పుడు మారి నా షాపులో నా స్టూలు మీద కూర్చుని, నేను తెప్పించిన టీ తాగుతూ, నా తెలుగులో తప్పులు పడతాడు. నాది తమిళం కలిసిపోయిన బడాయి తెలుగు అంటాడు. నిజానికి ఆయనదే మంచి తెలుగు. ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

మారి పని చెప్పులు కుట్టడం, వ్యాపకం కోతలు కోయడం. రెండింట్లోనూ చెయ్యి తిరిగినవాడు. ఒక సినిమా హీరో ఫైటింగుకు తొడుక్కున్న బూట్లు ఆయన కుట్టినవేనట. ఒక మంత్రి చెప్పు మీటింగు మధ్యలో తెగిపోతే మైకు కింద కూర్చుని ఈయన కుట్టాడట, అంతసేపూ మంత్రి ఒంటికాలి మీద నిలబడి తాగునీటి పథకం గురించి మాట్లాడాడట. సర్కసు వచ్చినప్పుడు ఎలుగుబంటికి బూట్లు కుట్టాడట. ఈ ఎలుగుబంటి సంగతి మాత్రం నిజమేనని ఆయన భార్య సెల్లమ్మాళ్ ఒకసారి ఒప్పుకుంది. ఆవిడ లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. మూడు వందలమందికి సాంబారు పెట్టే మనిషి, ఉప్పెంతో చూడగానే చెప్పగలదు, మొగుడి మాటల్లో నిజమెంతో కూడా అలాగే చెప్పగలదు. మామూలుగా చిటికెడు అంటుంది.

ఆ చిటికెడు నిజంలో అన్నిటికంటే పెద్దది ఈ ఎబో సంగతి. ఆరేళ్లు నేనూ నోరు కట్టుకున్నాను. పోయిన నెల ఎబో ఆట మానేసి, వాళ్ల ఊళ్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టాడు. ఇక దాచడానికేమీ లేదు.

ఎబో తాచీ అనే కుర్రాడిది ఘానా దేశం, సెకొండి అనే రేవు ఊరు. ఇక్కడ బి.కామ్ చదవడానికి వచ్చాడు. వచ్చాడన్న మాటే గానీ, క్లాసులో ఉన్నట్టు సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ దొరకరు. ఎప్పుడూ గ్రౌండులోనే. ఆటంతా ఎడంకాలితో ఆడేవాడు, కుడికాలిని ఊరికే వెంట తీసుకొచ్చినట్టు ఈడ్చేవాడు. ఒకరోజు ఆట అయ్యాక బూట్లు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో మా షాపు ముందునుంచి కుంటుకుంటూ పోతున్నాడు.

"ఏంది తంబీ, ఆ పిల్లోడు బూట్లు చేతికి తొడుక్కొని పోతా ఉండాడే? పిలువు ఒకసారి," అన్నాడు మారి.

పిలిచాను. మధ్యలో ఇంగ్లీషు మోసేది నేనే. ఆ రోజునుంచి ఇవాళ్టిదాకా నాకా కూలిపని తప్పలేదు. మారి బూటు చూశాడు. ముందువైపు పక్కన బ్లేడుతో చీల్చి ఉంది. కాలు చూపించమన్నాడు. కుడికాలి చిటికెన వేలూ దాని పక్క వేలూ ఒకదాని మీదొకటి ఎక్కి, అలాగే ఎముక గట్టిపడిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు వాళ్ల ఊరివాళ్లంతా చేపల పడవను దుంగల మీద దొర్లించి ఒడ్డుకు లాగుతుంటే, ఒక దుంగ వీడి కాలి మీదికి ఎక్కిందట. ఊరికి డాక్టరు వచ్చేది నెలకోసారి. ఆయన వచ్చేలోగా వేళ్లు వాటి ఇష్టం వచ్చినట్టు అతుక్కున్నాయి.

"కంపెనీవాడికి సైజులే తెలుసు, కాళ్లు యాడ తెలుసు?" అన్నాడు మారి. "వీడి పేరేంది?"

చెప్పాను. వాళ్లలో మంగళవారం పుట్టిన మగపిల్లాడికి ఎబో అని పెడతారని కూడా చెప్పాడు వాడు. మారి మొహం చూడాలి. మంగళవారం మారియమ్మ రోజు, ఈయనకు ఆ తల్లి పేరే పెట్టారు.

"అట్లయితే మావాడే గదా," అన్నాడు. "రేపు సాయంత్రం రమ్మను. నాలుగు గంటలు దాటాలి. ఆడి అలిసిపోయి రావాల. పొద్దున వస్తే కాలు తిప్పి కూడా చూడను."

ఇది వాళ్ల పనిలో పద్ధతి. పొద్దున కాలు సన్నగా ఉంటుంది, దినమంతా తిరిగితే సాయంత్రానికి ఉబ్బుతుంది. పొద్దున కొలత తీసి కుట్టిన చెప్పు సాయంత్రానికి కరుస్తుంది. అందుకని మారి, వాళ్ల నాన్న, ఆయన నాన్న, అందరూ సాయంత్రం కాలినే కొలిచారు. మర్నాడు ఎబో చెమటలు కారుతూ వచ్చాడు. మారి తడి బంకమన్ను పలక మీద వాణ్ని నిలబెట్టి, దారంతో ఒక్కో వేలూ చుట్టి ముడులు వేసుకుని, వేపచెక్కతో ఆ కాలి అచ్చు చెక్కాడు. మూడు వారాలు పట్టింది. తర్వాత మేకతోలు పొరలు అతికించి, బూటు లోపల పరిచే అట్ట ఒకటి చేశాడు. ఆ రెండు వేళ్లూ కూర్చోవడానికి అందులో ఒక గుంట, పై వేలు ఒరుసుకోకుండా చిన్న గట్టు. చూడ్డానికి ఏమీ ఉండదు, దోసె మాడినట్టుంటుంది. అది బూటులో వేసుకుని ఎబో రోడ్డు మీదే నాలుగు అడుగులు వేశాడు. ఆగాడు. మళ్లీ వేశాడు. తర్వాత కుడికాలితో దారిలో పడున్న కొబ్బరిబొండాం ఒకటి తన్నాడు. అది పోయి టీకొట్టు బాయిలరుకు తగిలింది. టీకొట్టు అయ్యప్పన్ మలయాళంలో అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఆ తర్వాత వాడికి రెండు కాళ్లొచ్చాయి. శని ఆదివారాల్లో పాలక్కాడు దాటి కేరళలో పందెం ఆటలకు పోయేవాడు. అక్కడ చూసిన ఏజెంటు ఒకడు, డిగ్రీ అయ్యీ కాకముందే, వాణ్ని ఫిన్లండ్ పంపించాడు. ఒక చిన్న ఊరి జట్టు, నెల రోజులు ఆడించి చూస్తామన్నారు. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే టిక్కెట్టు కొని పంపించేస్తారు.

పదోరోజు ఫోన్. వీడియోలో ఎబో కాలు, సాక్సు నిండా రక్తం. అట్టలోని గుంటలో వేళ్లు కుదురుగా కూర్చోవడం లేదట, దొర్లుతున్నాయట. గోలు ముందు బంతి కొట్టబోయి జారి, అందరి ముందూ చతికిలబడ్డాడట. కోచ్ ఏదో రాసుకున్నాడట.

మారి నమ్మలేదు. "నా కొలత తప్పా? నా కొలతా?" అని ఆ పూటంతా వచ్చినవాళ్లందరి చెప్పుల మీదా సుత్తితో కోపం తీర్చుకున్నాడు. తర్వాత అడిగాడు: "ఆడ చలి ఎంత ఉంటాది?"

ఫోన్లో చూసి సున్నా కంటే పది కింద అని చెప్పాను. సున్నా కంటే కింద ఏముంటుందో ఆయనకు అర్థం కాలేదు. ఐసు కంటే చల్లన అన్నాను.

మర్నాడు నేను షాపు తెరిచేసరికి మారి చేపల మార్కెట్ నుంచి మోసుకొచ్చిన ఐసుగడ్డల టబ్బులో రెండు కాళ్లూ పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో దారం, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. బస్సుకోసం నిలబడ్డవాళ్లు ఫోటోలు తీస్తున్నారు. సెల్లమ్మాళ్ టిఫిన్ డబ్బాతో వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"చేప నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చుండాడు చూడు! ఈ మనిషిని నేను యేమి చేసేది? ఆ కంపు ఎవరు కడిగేది?"

"ఉండవే," అన్నాడు మారి. కాళ్లు బయటికి తీసి, దారం చుట్టి, ముడి చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. మొహం వాడిపోయింది. చలిలో కాలు ముడుచుకుపోతుంది. పాదం అంతా ఒక దారం మందం తగ్గితే, వేళ్ల దగ్గర రెండు దారాల మందం తగ్గింది. కోయంబత్తూరు ఎండలో, ఆట తర్వాత, సాయంత్రం నాలుగు గంటలకు ఉబ్బిన కాలిని కొలిచి, దాన్ని మంచులోకి పంపించాడు ఈయన. మూడు తరాలుగా తప్పని పద్ధతి ఆ పిల్లవాణ్ని గోలు ముందు కూలదోసింది.

"మా నాయన మంచు చూడలేదు తంబీ," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకప్పుడే తెలిసింది.

రెండు రోజులు ఇంకో చెప్పు ముట్టకుండా కూర్చుని కొత్త అట్ట చేశాడు. తిరుప్పూరు నుంచి బనియన్ల పార్సిళ్లు పంపే కొరియర్‌ను పట్టుకుని పంపించాను. ఆరోరోజుకు చేరింది. ఆఖరి వారంలో ఎబో మూడు గోల్స్ కొట్టాడు, అందులో రెండు కుడికాలితో. ఉంచుకున్నారు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. సంతకానికి ముందు డాక్టరు కాళ్లు చూశాడు. ఆ వేళ్లు నొక్కి, నొప్పా అన్నాడు. ఎబో నవ్వి, లేదన్నాడు. బూటులో ప్రత్యేకంగా ఏదైనా వాడుతున్నావా అని కాగితం మీద ఒక ప్రశ్న. లేదు అని టిక్కు పెట్టాడు. పెద్ద ఆటగాళ్లకైతే డాక్టర్లే కొలిచి అట్టలు చేయిస్తారు, ఎవరూ ఏమీ అనరు. వీడు ఒక్క సీజనుకు రాసిచ్చిన ఒప్పందం కాగితం మీద ఆడేవాడు, వీడి వెనక అదే చోటు కోసం ఇంకో నలుగురు కుర్రాళ్లు బెంచీ మీద కూర్చుని ఉంటారు. మామూలు బూటుతో పది నిమిషాలు ఆడలేడని తెలిస్తే, పైగా సంతకం పెట్టి అబద్ధం చెప్పాడని తెలిస్తే, ఆ సాయంత్రమే విమానం ఎక్కిస్తారు. సెకొండిలో వాడి చెల్లెళ్లు ఇద్దరు వాడు పంపేదానితోనే చదువుతున్నారు.

"అంకుల్‌కి చెప్పండి," అన్నాడు ఎబో నాతో. "ఎవరికీ చెప్పొద్దని. దయచేసి."

చెప్పాను. మారి కుట్టడం ఆపి తలెత్తాడు.

"ఎవరికీనా?"

"ఎవరికీ."

"సెల్లమ్మకి?"

"ఆమెకి చెప్పు. ఎటూ నమ్మదు."

ఇది ఎంత పెద్ద శిక్షో మీకు అర్థం కావాలి. జన్మంతా లేనిపోని గొప్పలు చెప్పుకున్న మనిషి. ఇప్పుడు చేతిలో నిజమైన గొప్ప ఒకటి ఉంది, ఫోటోలున్నాయి, పెట్టెలో కాలి అచ్చు ఉంది. నోరు మాత్రం విప్పకూడదు. నాలుగేళ్లు ఆయన పడ్డ యాతన నేను చూశాను. కాలేజీ పిల్లలు షాపు ముందు ఫుట్‌బాల్ గురించి వాదించుకుంటుంటే, ఈయన కుట్టే ఆరెను తోలులో గుచ్చి ఆపేసి, నోరు తెరిచి, మూసి, దగ్గి, చివరికి పాత ఎలుగుబంటి కథ ఎత్తుకునేవాడు. ఆ ఎలుగుబంటి అంత కష్టపడి ఎప్పుడూ పనిచేసి ఉండదు. ఆరునెలలకోసారి కొత్త జత అట్టలు పోయేవి. సీజనుకో కొలత. వేసవికి ఒకటి, మంచుకు ఒకటి. ఎబో ఫిన్లండ్ నుంచి బెల్జియం పోయాడు, రెండో డివిజన్. అక్కడా అదే ప్రశ్న, అదే టిక్కు.

అప్పుడొచ్చింది ఆ కప్పు మ్యాచ్. ఎబో జట్టు ఒక పెద్ద జట్టును ఓడించింది, రెండు గోల్సూ ఎబోవే, రెండూ కుడికాలివే. తెల్లారేసరికి ఆ వీడియో పీలమేడు అంతా తిరిగింది. పదింటికల్లా కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ వేలాడింది. "మా పూర్వ విద్యార్థి" అని పైన రాసి, కింద ఎబో ఫోటో రేగుపండంత, పీటీ మాస్టరు ఫోటో గుమ్మడికాయంత వేశారు. "ఈ కుడికాలిని తీర్చిదిద్దిన శిల్పి" అని ఆయన కింద రాశారు. ఎబో కుంటుతున్నాడని టీములోంచి తీసేయాలని చూసింది ఈ శిల్పిగారే.

మారి ఆ ఫ్లెక్సీ ఎదురుగానే కూర్చుంటాడు. తమిళం బాగానే చదువుతాడు. పొద్దుణ్నించీ చదువుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఇందుజ అనే అమ్మాయి వచ్చింది. అదే కాలేజీలో మీడియా కోర్సు చదువుతుంది, ఊళ్లో మనుషుల గురించి యూట్యూబు చానెలు నడుపుతుంది. మంచి పిల్ల, నా షాపులో ఖాతా. ఫోను కర్రకు తగిలించుకుని, పీటీ మాస్టరును మాట్లాడించి, తిరిగి వస్తూ మారి ముందు ఆగింది. అంతా తమిళంలోనే జరిగింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"తాతా, మీరు ఇక్కడ ఇన్నేళ్లుగా ఉన్నారు కదా. ఎబోని ఎప్పుడైనా చూశారా? మాస్టరు ఆ కాలికి ఎంత ట్రైనింగ్ ఇచ్చారో చెబుతున్నారు."

అంతే. నాలుగేళ్లుగా కట్టిన కట్ట తెగింది.

"వాడా? వాడు చేసినాడా ఆ కాలిని?" మారి లేచి నిలబడ్డాడు. "ఆ కాలికి రెండు వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండాయి, అది తెలుసా వాడికి? ఉత్త బూటు వేసుకుంటే పది నిమిషాలు నిలబడలేడు ఆ పిల్లోడు! నా చేత్తో కోసి అతికించిన తోలు ఈ నిమిషం ఆ బూటు లోపల ఉండాది! బెల్జియంలో!"

నా చేతిలో స్టేప్లరు ఉంది, దాన్ని అలాగే పట్టుకుని బయటికొచ్చాను. "ఇందుజా, అది తీసేయమ్మా," అన్నాను.

"లైవ్ అంకుల్," అంది ఆ పిల్ల మెరిసిపోతున్న మొహంతో. "నాలుగు వందలమంది చూస్తున్నారు. ఘానా నుంచి కూడా!"

మారి నా మొహం చూశాడు. ఆయన రంగు మారిపోవడం నేను చూశాను. తనేమన్నాడో అప్పుడు తెలిసొచ్చింది. పది రోజుల్లో ఎబోకు రెండేళ్ల కొత్త కాగితం మీద సంతకం ఉందని మా ఇద్దరికీ తెలుసు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి, ఫోను ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది, ఆ పిల్ల "ఇంకా చెప్పండి తాతా" అంటోంది.

మారి గొంతు సవరించుకున్నాడు.

"వేళ్లు ఎక్కి ఉండాయి అంటినా? అసలు వేళ్లే లేవమ్మా వాడికి. పదింటికి పదీ నేనే తోలుతో చేసి అతికించినాను. గోళ్లు కొబ్బరిచిప్పవి."

ఇందుజ ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వింది.

"ఎడంకాల్లో సూలూరు మిలిటరీ విమానం మోటారు పెట్టినాను. పండగకి పండగకి ఆయిలు పోసుకోవాల. ఇంగ్లండు రాజు కాలికి ఆరు వేళ్లు, అది ఎవరికీ తెలవదు, నాకి తెలుసు. ఆయన బూట్లు కూడా నావే. రోములో పోపుగారు రబ్బరు చెప్పులు తెగితే నాకే పంపిస్తారు. చంద్రుడి మీదికి పోయినవాళ్ల బూట్లు ఎవరు కుట్టినారనుకున్నావు?"

"తాతా, అప్పటికి మీకు ఎన్నేళ్లు?"

"రెండు. ఉయ్యాల తొట్టిలో పండుకొని కుట్టినాను. మా అమ్మ దారం ఎక్కించి ఇస్తా ఉండె."

అప్పటికి నాకు అర్థమైంది. అన్న నిజాన్ని వెనక్కి తీసుకోలేడు, అందుకని దాని మీద బుట్టలు బుట్టలు చెత్త తెచ్చి పోస్తున్నాడు. ఇరవై నిమిషాలు పోశాడు. జన్మలో చెప్పిన కోతలన్నీ తెచ్చాడు, చాలనివి అక్కడికక్కడ అల్లాడు. సినిమా హీరో వచ్చాడు, మంత్రి వచ్చాడు. నిజంగా కుట్టిన ఎలుగుబంటి బూట్లు కూడా తెచ్చి ఆ కుప్పలోనే పారేశాడు. చుట్టూ జనం మూగారు, కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. చెమట కారిపోతోంది ఆయనకు. అది ఎవరూ చూడలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, లోపలికెళ్లి జెరాక్స్ మిషను మూత తెరిచి మూశాను.

మూడు రోజుల్లో మారి మొహం చూడనివాళ్లు మా జిల్లాలో లేరు. పాటలు కట్టారు. తొట్టిలో చెప్పులు కుట్టే పసిపిల్లాడి బొమ్మకు ఈయన మీసం అతికించి పంచుకున్నారు. చెప్పులు తెగనివాళ్లు కూడా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగి, "పోపు బాగున్నాడా తాతా?" అని అడిగి పోయేవాళ్లు. చెప్పులు తెగినవాళ్లు మాత్రం ఇంకోచోటికి పోయేవాళ్లు. వాళ్ల కాలనీలో మారియమ్మ పండగకు చాటింపు ముందు నాలుగు మాటలు మాట్లాడేది ప్రతి యేడూ ఈయనే. ఆ యేడు లేచి నిలబడగానే వెనకనుంచి ఎవరో పసిపిల్లాడిలా కేరుమన్నారు. ఈయన కూర్చున్నాడు. ముందు ఆయన మాటల్ని సగమే నమ్మేవాళ్లు, అదైనా ఉండేది. ఇప్పుడు టైము అడిగి చెప్పినా ఇంకొకరిని అడుగుతున్నారు.

సెల్లమ్మాళ్ వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. హాస్టలు పిల్లలు ఆవిడ ముందు కూడా ఆ పాట పాడారట. చివరికి నా షాపుకొచ్చింది.

"నువ్వు చెప్పు తంబీ. ఆ తోలు సంగతి నిజమేనా?"

మారి పెట్టెలోంచి వేపచెక్క అచ్చు తీసి ఆవిడ చేతికిచ్చాను. దాన్ని తిప్పి తిప్పి చూసింది, ఆ రెండు వేళ్ల మీద బొటనవేలితో రాసింది. "ఇంత తెలివి ఉండి, నోరు మాత్రం ఇట్ల పెట్టినాడే దేవుడు," అని, కొంగుతో తుడిచి, అది ఎక్కడుండేదో అక్కడే పెట్టి పోయింది. ఆ సాయంత్రం టిఫిన్ డబ్బాలో వడలున్నాయి.

పదమూడో రోజు మధ్యాహ్నం ఎబో ఫోను చేశాడు. కాగితం మీద సంతకం అయిందన్నాడు, రెండేళ్లకు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మారికి చెప్పాను. ఆయన ఫోను లాక్కుని ఎబో మొహం చూశాడు. ఎబో మొహంలో సంతోషం లేదు.

"అంకుల్‌కి ఒకటి చెప్పాలి," అన్నాడు ఇంగ్లీషులో. ఆ వీడియో వాళ్ల క్లబ్బుదాకా వచ్చిందట. ఇంగ్లీషు అక్షరాలు కింద వేసి, డ్రెస్సింగ్ రూములో పెద్ద టీవీ మీద పెట్టారట. డాక్టరు కూడా ఉన్నాడట, తోలువేళ్ల మాట దగ్గర అందరికంటే ముందు ఆయనే పడిపడి నవ్వాడట. ఈయన నీకు తెలుసా అని వీణ్ని అడిగారట. "బస్‌స్టాప్ దగ్గర ఉండే పిచ్చివాడు, అందరికీ తెలుసు అని చెప్పాను. నేను కూడా నవ్వాను."

నేను మారి వైపు తిరిగి, "సంతకం అయింది, ఎవరికీ అనుమానం రాలేదు అంటున్నాడు," అన్నాను.

"నడుమ ఏదో మింగినావు," అన్నాడు మారి. "ఆ పిల్లోడు ఏడస్తా ఉండాడు. అంతా చెప్పు."

చెప్పాను. పిచ్చివాడన్న మాటతో సహా చెప్పాను. మారి ఫోను దగ్గరికి జరిగాడు.

"పిల్లోడు గట్టిగా నవ్వినాడా, అడుగు."

అడిగాను. తలూపాడు ఎబో.

"ఎట్ల నవ్వినాడో ఒకసారి నవ్వి చూపించమను. మెత్తగా నవ్వితే డాక్టరు కనిపెడతాడు. ఇంకోసారి కూడా ఆ వీడియో పెడతారు, విడిచిపెట్టరు."

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేక చెప్పాను. ఎబో నవ్వబోయాడు, నోరు వంకర పోయింది, ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇట్ల కాదు," అన్నాడు మారి. "సరిగా చూడు. నన్ను చూసి చెయ్యి."

ఫోను ఎదురుగా పెట్టుకుని, చేతిలో సుత్తి కింద పెట్టి, తల వెనక్కి వేసి, మారి తన మీద తనే గట్టిగా నవ్వాడు. బస్‌స్టాప్‌లో వాళ్లంతా తిరిగి చూశారు.